ఒకటి అంకె వెనక పద్యం

ఆయన తిరిగిచ్చిన పుస్తకాలను వాసన చూసి గుర్తుపట్టేదాన్ని. టర్పెంటైన్ వాసన. పేజీల అంచుల మీద అక్కడక్కడ తెల్లటి బొటనవేలి ముద్ర. ముప్పై ఒక్క ఏళ్ళు గ్రంథాలయంలో పుస్తకాలిచ్చి పుచ్చుకునే బల్ల వెనక కూర్చున్నాను. పుస్తకం మీద మరక పడితే మందలించడం నా ఉద్యోగంలో భాగం. ఆయన్ని మాత్రం ఒక్కసారే మందలించాను. "ఏంటండీ ఈ వేలిముద్రలు?" అంటే, పేజీ వైపు చూసి, "అక్కడ ఆగిపోయానండి," అన్నాడు. చూస్తే నిజంగానే ఆగాల్సిన పద్యం. ఆ తర్వాత నేనేమీ అనలేదు.

ఊళ్ళో అందరికీ ఆయన బోర్డాయన. అందుకు రెండు కారణాలు. వారంలో ఆరు రోజులు దుకాణాలకి పేర్ల బోర్డులు రాసేవాడు. ఏడో రోజు ఫుట్‌బాల్ మైదానంలో స్కోరు బోర్డు చూసేవాడు. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒక భుజం కాస్త పైకెత్తి ఉండేవాడు, నిచ్చెన మీద నిలబడ్డట్టే.

"ఆరు రోజులూ ఇంకొకళ్ళ మాటలే రాస్తానండి," అన్నాడొకసారి. "ఇచ్చట సైకిళ్ళు బాగుచేయబడును. ఇచ్చట గాజు కోయబడును. అక్షరం నాది, మాట నాది కాదు. అందుకని ఏడో రోజు నా మాట రాసుకుంటాను."

"ఎక్కడ రాస్తారు?"

"అంకెల వెనకాల."

అర్థం కాలేదని నా మొహమే చెప్పినట్టుంది. మర్నాడు మైదానానికి తీసుకెళ్ళి చూపించాడు.

మైదానం తూర్పు చివర, ఇనప స్తంభాల మీద నిలబెట్టిన చెక్క గోడే స్కోరు బోర్డు. దాని వెనక నాలుగడుగుల వెడల్పున్న గది. నిచ్చెనెక్కి వెళ్ళాలి. ఎండకి లోపల పెనంలా ఉంటుంది. గోడలో చతురస్రంగా కోసిన కంతలు, వాటికి రెండు పక్కలా గాడులు. అంకె రాసిన రేకుని గాడిలో ఆనించి, వెనకనుంచి రెండు అరచేతులతో అదిమి తోస్తే తప్ప కూర్చోదు. పై వరసలో మా ఆట స్కోరు. కింది వరసలో అదే సమయానికి వేరే ఊళ్ళో జరిగే ఆట స్కోరు. ఆ కబురు కింద ఆఫీసు గదికి ఫోన్‌లో వస్తుంది. ఫోన్ దగ్గర కూర్చునేది ఆయన మరదలు, భార్యకి స్వయానా చెల్లెలు. ఆమె చీటీ రాసి చిన్న డబ్బాలో వేసి తాడు లాగితే పైన గంట మోగుతుంది. ఆయన డబ్బాని పైకి లాక్కుంటాడు.

ఒక్కో స్కోరుకి రెండేసి కంతలు పెట్టారు, పదులకొకటి, ఒకట్లకొకటి. ఫుట్‌బాల్‌లో పది గోల్స్ ఎవరు వేస్తారు? పదుల కంత ఎప్పుడూ ఖాళీయే. అదే ఆయన కిటికీ. అందులోంచి ముప్పై ఏళ్ళు ఆట చూశాడు.

గోడకి ఆనించిన రేకుల్ని ఒక్కొక్కటే తిప్పి చూపించాడు. ముందువైపు నల్లరంగు మీద తెల్లటి అంకె, రెండు మూరల ఎత్తు. వెనకవైపు సన్న కుంచెతో, తెల్ల ఎనామిల్ రంగుతో, ముత్యాల్లాంటి అక్షరాలు. సున్నా వెనక గోల్‌కీపర్ మీద రాసింది ఇది:

*సున్నా అంటే ఏమీ లేదని ఎవరన్నారు?*
*తొంభై నిమిషాలు*
*ఒక మనిషి మోకాళ్ళు చీల్చుకుని*
*కాపాడిన గుండ్రటి వెలుగు ఇది.*

మూడు వెనక, కుడివైపు గీత వెంట పరిగెత్తే కుర్రవాడి మీద:

*లోపలుంటే మాది, దాటితే వాళ్ళది.*
*గీతకి తెలిసింది ఆ రెండే.*
*నీ కాలికి మూడోది తెలుసు.*

తొమ్మిది వెనక ఏమీ లేదు. "తొమ్మిదెప్పుడూ వాడలేదండి. వాడని అంకె మీద రాస్తే చదివేవాళ్ళుండరు," అన్నాడు. మిగతావి మాత్రం ఎవరు చదువుతారట? అడగలేదు. జవాబు నాకు తెలుసు. రేకు గాడిలో కూర్చున్నాక అంకె మైదానం వైపు, పద్యం ఆయన వైపు ఉంటుంది. జనమంతా ఒకటి, రెండు అని అరుస్తుంటే ఆయనొక్కడే వెనక చదువుకుంటూ ఉంటాడు.

నాతో పాటు ఇంకొక్కడికే ఆ సంగతి తెలుసు. జట్టు కెప్టెన్. బస్సు డిపోలో మెకానిక్కు. పన్నెండేళ్ళుగా గోలుకి ముందు కాపలా ఉండే బ్యాక్. మొత్తం ఆ పన్నెండేళ్ళలో వేసినవి రెండు గోల్స్, అందులో ఒకటి మా గోల్లోకే. ఒకసారి బంతి బోర్డు పైన ఇరుక్కుంటే తియ్యడానికి నిచ్చెనెక్కి, రేకులు చూశాడట.

"గోలీకి రాశావు, కుర్రాడికి రాశావు. డిపో వాళ్ళంటే లెక్కలేదా అన్నా నీకు?" అన్నాడట.

"నీ మీద రాయడం కష్టం. నువ్వు చేసింది ఏదీ జరిగినట్టు కనపడదు."

"అదే కదా నా పని. కనపడితే గోలు పడ్డట్టే."

ఆ మాట ఆయన్ని రెండేళ్ళు వదల్లేదు. కనపడని దాన్ని ఎలా రాయాలో చెప్పే పుస్తకం ఉందా అని నన్నడిగాడు. అలాంటి పుస్తకం నా దగ్గరుంటే నేనే రాసేదాన్ని కదా అన్నాను. నవ్వి, ఉన్నవాటిలోనే ఒకటి పట్టుకెళ్ళాడు.

ఆ ఏడాది మా జట్టు ఎన్నడూ లేనంత బాగా ఆడింది. చివరి ఆదివారం నాటికి మాకూ, పొరుగూరి జట్టుకీ సమానంగా పాయింట్లు. రెండు ఆటలూ ఒకే సమయానికి, ఒకటి మా ఊళ్ళో, ఒకటి వాళ్ళ ఊళ్ళో. రెండు చోట్లా డ్రా అయితే పై లీగుకి వెళ్ళేది మేమే, ఏడాది పొడుగునా ఎక్కువ గోల్స్ వేసింది మేమే గనక. వాళ్ళు గెలిస్తే మాత్రం మేమూ గెలిచి తీరాలి. కెప్టెన్ మోకాలు అరిగిపోయింది. అదే అతని ఆఖరి ఆట అని అందరికీ తెలుసు.

నేను గ్యాలరీలో ఉన్నాను. రెండో సగంలో పై వరస ఒకటి, ఒకటి. కింది వరస సున్నా, సున్నా. అలా ముగిస్తే చాలు. చివర్లో మావాళ్ళు బంతిని ముందుకి తీసుకెళ్ళడం మానేశారు. వెనక వెనకే ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు. కెప్టెన్ చెయ్యి కిందికి ఊపుతూ, నెమ్మది, నెమ్మది అంటున్నాడు. పక్కనున్నాయన నా భుజం తట్టి, "పై లీగులో సీటు రిజర్వ్ అయిపోయినట్టే మేడం," అన్నాడు.

ఆట ఇంకో రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా కింది వరసలో పొరుగూరి సున్నా తీసి ఒకటి పెట్టారు. గ్యాలరీ అంతా ఒక్కసారి లేచి నిలబడింది. మావాళ్ళు బోర్డు వైపు చూసి, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, ప్రాణం లేచొచ్చినట్టు పరిగెత్తారు. కుర్రవాడి షాటు స్తంభానికి తగిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అంతే, ఈల ఊదేశారు.

ఈల ఊదేసరికే పొరుగూరి వాళ్ళు గోలు వేసి ఎనిమిది నిమిషాలయిందని సాయంత్రానికి తెలిసింది. ఆరు నిమిషాలు మా బోర్డు తప్పు చెప్పింది. క్లబ్బు సెక్రటరీ నిచ్చెనెక్కి వెళ్ళి, చీటీ ఎప్పుడొచ్చిందని అడిగాడు. ఆఖర్లోనే వచ్చింది, రాగానే పెట్టానన్నాడు బోర్డాయన. కింద ఆయన మరదలు, గోలు పడ్డ నిమిషంలోనే పంపానని ఎంత మొత్తుకున్నా ఎవరూ చెవిన వేసుకోలేదు. మర్నాడామెని ఫోన్ దగ్గర్నుంచి తీసి సామాన్ల గదికి మార్చారు. చిరిగిన వలలూ, గాలి పోయిన బంతులూ చూసుకోమన్నారు. పదకొండేళ్ళుగా ఊళ్ళో ఆమెని ఫోనమ్మ అనేవాళ్ళు. వారం తిరక్కుండా నిద్రమ్మ అనడం మొదలుపెట్టారు.

బోర్డాయన నెలన్నర పాటు గ్రంథాలయానికి రాలేదు. వచ్చినప్పుడు పుస్తకం బల్ల మీద పెట్టి, నా మొహం చూడకుండా, "కెప్టెన్‌కి వీడ్కోలు సభ పెడుతున్నారండి. పద్యం నన్నే రాసి చదవమన్నాడు. మైకులో," అన్నాడు.

ముప్పై ఏళ్ళు రేకుల వెనక రాసుకున్న మనిషికి మొదటిసారి జనం ముందు చదివే అవకాశం. సంతోషపడాల్సింది పోయి, మొహం మాడిపోయి ఉంది. ఆయన బీరువాల వైపు వెళ్ళాక పుస్తకం తెరిచాను. టర్పెంటైన్ వాసన లేదు. నలభయ్యో పేజీలో గుర్తుకి పెట్టుకున్న చీటీ ఒకటి అలాగే ఉండిపోయింది. మరదలి చేతి రాత. పొరుగూరి వాళ్ళు ఒకటి, ఎదుటివాళ్ళు సున్నా. కింద టైము కూడా వేసింది. నాలుగూ యాభై రెండు.

బోర్డు మీద ఆ అంకె పడింది నాలుగూ యాభై ఎనిమిదికి. ఆ సంగతి ఊళ్ళో పిల్లలక్కూడా తెలుసు.

ఆయన వెనక్కి వచ్చేసరికి చీటీని బల్ల మీద పెట్టి ఉంచాను. చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఒకటి అంకె రేకులు మూడే ఉన్నాయండి. నాలుగోది పోయిన వానల్లో కిందపడి వంగిపోయింది. కొత్తది రాస్తాను, రాస్తాను అంటూనే ఉన్నాను. ఊరందరికీ బోర్డులు రాసేవాణ్ణి, నా బోర్డుకి ఒక ఒకటి రాసుకోలేకపోయాను. రెండు పై వరసలో ఉన్నాయి. మూడోదాని వెనక అప్పుడే రాయడం పూర్తిచేశాను."

"కెప్టెన్ మీదా?"

"ఆయన ఆఖరి ఆట కదండీ. రెండేళ్ళుగా రాని పద్యం, ఆయన ఆడుతుంటే చూస్తూ చూస్తూ వచ్చేసింది. ఆఖరి అక్షరం పెట్టి కుంచె తీశాను, గంట మోగింది. రంగు తడిగా ఉంది. గాడిలోకి తొయ్యాలంటే రెండు చేతులూ దాని మీదే పెట్టాలి. రెండు నిమిషాలు చూద్దామనుకున్నాను. రెండు నిమిషాల్లో కొంపలేం మునుగుతాయిలే అనిపించింది. ఊదుతూ కూర్చున్నాను, మేడం. నోటితో ఊదుతూ."

ఆయన చేతులు రెండూ బల్ల మీద బోర్లా పెట్టి, వాటినే చూస్తున్నాడు.

"అది ఆరలేదు. చివరికి తడి మీదే తోశాను. పద్యమూ పోయింది, ఆటా పోయింది. సెక్రటరీ వచ్చి అడిగితే నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు."

"నన్ను చెప్పొద్దంటే నేనెవరికీ చెప్పను," అన్నాను. "కానీ ఈ చీటీ నా దగ్గర ఉంచుకోలేను. పుస్తకంలో పెట్టుకోవాల్సింది కూడా కాదిది."

ఆయన చీటీ తీసుకుని మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పుస్తకమేదీ తీసుకోలేదు.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో జరిగింది తర్వాత మరదలే నాకు చెప్పింది. ఆమె అక్క దగ్గర వంటింట్లో పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతోందట. ఆయన గుమ్మంలో నిలబడి నీళ్ళు నములుతున్నాడు.

"ఏంటి బావా, గుమ్మానికేమైనా రంగు వెయ్యాలా? అలా కొలుస్తున్నావు," అందట.

ఆయన చీటీ తీసి ఆమె ముందు పెట్టి, ఒక్క ఊపిరిలో అంతా చెప్పేశాడు. అక్క పొయ్యి కట్టేసింది. మరదలు తరగడం ఆపలేదు. ఉన్న వంకాయలన్నీ అయిపోయేదాకా తరిగి, కత్తిపీట పక్కకి జరిపి, చేతులు తుడుచుకుని అందట, "నెలన్నర నుంచీ నన్ను నేనే అనుమానించుకుంటున్నాను బావా. ఒకవేళ నిజంగానే కునుకు పట్టిందేమో, గడియారం తప్పు చూశానేమో అని. రోజూ రాత్రి ఆ తాడు మళ్ళీ మళ్ళీ లాగుతున్నట్టే ఉండేది. నువ్వు నా ఎదురుగా కూర్చుని అన్నం తింటూనే ఉన్నావు."

ఆయన గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"ఏడుపు మొహం పెట్టకు. నాకింకా కోపం రావడం మొదలవ్వలేదు. వచ్చినప్పుడు చెప్తాను. నాకు చెప్పావు, సరే. నన్ను నిద్రమ్మ అన్నవాళ్ళందరికీ ఎవరు చెప్తారు?"

"సభలో చెప్తాను."

"ఎప్పుడు? రంగు ఆరాకా?"

అక్కకి నవ్వాగలేదట. ఆ ఇంట్లో నెలన్నర తర్వాత అదే మొదటి నవ్వు అని చెప్పింది నాతో.

సభ మైదానం పక్కనున్న హాలులో జరిగింది. ఇనప కుర్చీలన్నీ నిండి, జనం గోడల వెంట నిలబడ్డారు. కెప్టెన్‌కి ఒక గోడ గడియారం ఇచ్చారు. సెక్రటరీ పద్యానికి పిలిస్తే బోర్డాయన చేతిలో కాగితం లేకుండా, చంకలో రేకు పెట్టుకుని వేదికెక్కాడు. అంకె వైపు తన గుండెకి ఆనించుకుని, వెనకవైపు జనానికి తిప్పి పట్టుకున్నాడు. చదవడం మొదలుపెట్టాడు.

*గోలు వేసినవాడి పేరు ఊరంతా అరుస్తుంది.*
*వెయ్యనివ్వని వాడి పేరు*
*అవతలి జట్టు మాత్రం మర్చిపోదు.*
*పన్నెండేళ్ళు నువ్వు నిలబడ్డ చోట*
*గడ్డి మొలవలేదు.*

చప్పట్లు మొదలయ్యాయి. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఇంకా రెండు లైన్లున్నాయి. చదవలేను. మీరే చూడండి," అని రేకుని ముందుకి చాపాడు. కింది భాగంలో అక్షరాల్లేవు. రెండు అరచేతుల తెల్లటి ముద్రలు, పక్కపక్కనే, అలికేసినట్టు.

ఇక కథ కట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు. మూడు రేకులు, తడి రంగు, ఆరు నిమిషాలు, సెక్రటరీతో ఆడిన అబద్ధం. చీటీ తీసి టైముతో సహా చదివాడు. "మా మరదలు నిద్రపోలేదు. మెలకువగా ఉన్నది ఆవిడొక్కతే," అన్నాడు.

హాల్లో ఎవరో గట్టిగా తిట్టారు. వెనకనుంచి ఇంకెవరో కుర్చీ తన్నారు. సెక్రటరీ మొహం జేవురించింది. కెప్టెన్ కుంటుకుంటూ వచ్చి రేకు అందుకున్నాడు. ఆ ముద్రల మీద బొటనవేలితో రుద్దాడు, ఆరిందో లేదో చూస్తున్నట్టు. తర్వాత మైకు తీసుకున్నాడు.

"ఆ ఆరు నిమిషాలు బంతి వెనక్కి ఇవ్వమని చెయ్యూపింది నేను. బోర్డు చూసుకుని ఆట ఆపుకున్నది మేం. ఆ మాట ముందు చెప్పాలి. అలాగని అన్న మీద కోపం లేదని చెప్పను. ఉంది. కొన్నాళ్ళుంటుంది." రేకుని చంకలో పెట్టుకున్నాడు. "ఈ రేకు మాత్రం నాకే కావాలి. గడియారం కావాలంటే వెనక్కి తీసుకోండి."

అక్కడక్కడ నవ్వులు. కుర్చీ తన్నినాయన కూడా కూర్చున్నాడు.

సెక్రటరీ అక్కడే బోర్డు గది తాళంచెవి తీసుకున్నాడు. బోర్డాయన జేబులోంచి తీసి ఇచ్చేశాడు. సెక్రటరీ మరదలి దగ్గరికొచ్చి, "రేపట్నుంచి మళ్ళీ ఫోన్ దగ్గరికి రామ్మా. పొరపాటైంది," అన్నాడు.

"ఫోన్ వద్దు సార్. ఆ తాళంచెవి ఇప్పించండి. నేను కిందనుంచి చీటీ పంపడం, పైన ఎవరో దాన్ని చూస్తూ కూర్చోవడం, ఆ యాతన చాలు. ఫోన్ కూడా పైకే పెట్టించండి."

"నిచ్చెనెక్కాలమ్మా."

"పదకొండేళ్ళు తాడు లాగాను. నిచ్చెన ఒక లెక్కా?"

ఆ తర్వాత కొన్నాళ్ళు బోర్డాయనకి బాగానే పడ్డాయి మాటలు. దుకాణం ముందు నిచ్చెన మీదుంటే దారిన పోయేవాళ్ళు, "ఏమండోయ్, ఈ బోర్డు ఏ సంవత్సరానికి ఆరుతుంది?" అనేవాళ్ళు. ఇద్దరు ముగ్గురు పని కూడా మానిపించారు. ఆయన పట్టించుకోలేదనను. ఒకరోజు నా బల్ల ముందు కూర్చుని, "అంటారండి, అననివ్వండి. వాళ్ళకి ఆట పోయింది కదా," అన్నాడు. పుస్తకం తీసుకెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు దాని మీద వేలిముద్రలున్నాయి. తుడవలేదు నేను.

కొత్త సీజను మొదటి ఆటకి ఆయన టిక్కెట్టు కొనుక్కుని గ్యాలరీకి వచ్చాడు. నా పక్కనే కూర్చున్నాడు. ఎక్కడ చూడాలో తెలియనట్టు తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. ముప్పై ఏళ్ళు చదరంగా కోసిన కంతలోంచి చూసినవాడికి ఇంత మైదానం ఒక్కసారే కనపడితే కళ్ళు చాలవు మరి. "అంత పొడుగుందా గీత," అన్నాడు తనలో తానే. కుర్రవాడు బంతి తీసుకుని పరిగెడుతుంటే ఆ గీత చివరిదాకా చూపుతో వెంట వెళ్ళాడు.

మా వరస ముందు కెప్టెన్ కూర్చున్నాడు, కాలు చాపుకుని. ఇద్దరూ పలకరించుకోలేదు. కాసేపటికి కెప్టెన్ వెనక్కి తిరక్కుండానే, "ఆ చివరి రెండు లైన్లేంటన్నా?" అని అడిగాడు.

"గుర్తులేదు తమ్ముడూ. నిజంగానే గుర్తులేదు."

"గుర్తు చేసుకో. గోడకి తగిలించాను. వచ్చినవాళ్ళందరూ అదే అడుగుతున్నారు."

ఇరవయ్యో నిమిషంలో కుర్రవాడు గోలు వేశాడు. బోర్డు మీద అంకె పడేసరికి మావాళ్ళు ఒకర్నొకరు కౌగిలించుకోవడం కూడా పూర్తికాలేదు. అంత చురుగ్గా ఎప్పుడూ మారలేదది. పదుల కంతలోంచి ఒక మొహం బయటికొచ్చింది.

"బావా," అని పిలిచింది మరదలు, మైదానమంతా వినపడేలా. "రంగు ఆరే ఉంది. చూసుకో."

గ్యాలరీ ఘొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు, చెవులు ఎర్రబడుతుండగా. ఆ ఒకటి కొత్తది. వంగిపోయిన దాని బదులు సెలవుల్లో ఆయనే రాసిచ్చాడు. తర్వాత నవ్వు ఆపి, కళ్ళు చికిలించి బోర్డు వైపే చూడసాగాడు. ఇన్నేళ్ళలో ఆట జరుగుతుండగా తన అంకెల్ని ముందువైపునుంచి ఎప్పుడూ చూసుకోలేదని నాకు అప్పుడే తట్టింది.

"మేడం, ఆ ఒకటి కొంచెం ఎడమకి ఒరిగినట్టుంది కదూ?"

"మీవన్నీ అంతేనండి. మొదట్నుంచీ."

"ముప్పై ఏళ్ళుగానా? ఎవరూ చెప్పలేదే?"

"మీరు వెనకున్నారు కదా."

ఆయన ముందు వరసలో చాపి ఉన్న కాలు వైపు, మైదానంలో కెప్టెన్ పన్నెండేళ్ళు నిలబడిన చోటు వైపు చూశాడు. వానలకి అక్కడ కొత్త గడ్డి లేచింది, ఇంకా పల్చగానే. నా దగ్గర పెన్సిలుందా అని అడిగాడు. ఇచ్చాను. టిక్కెట్టు తిరగేసి, మోకాలి మీద పెట్టుకుని, మొదటి లైను రాయడం మొదలుపెట్టాడు.